తమిళ పోలీసు వినోద చిత్రానికి తెలుగు మాటలు రాయడం ఎలా?

భయమెరుగని పోలీసు అధికారిని కథానాయకుడుగా పెట్టి, పోరాటాలకు హాస్యాన్ని కలిపి తీసిన తమిళ చిత్రం చేతికి వచ్చినప్పుడు, దానికి తెలుగు మాటలు రాసే కొత్త రచయిత సాధారణంగా కథానాయకుడి సవాళ్లతో పని మొదలుపెడతాడు. ప్రతినాయకుడి ఇంటి గుమ్మంలో నిలబడి అధికారి చెప్పే నాలుగు వాక్యాలు గట్టిగా కుదిరితే సగం చిత్రం గట్టెక్కినట్లేనని అతని నమ్మకం. ఇక్కడ చెప్పబోయే పద్ధతి దీనికి తలకిందులుగా ఉంటుంది. ఈ తరహా చిత్రంలో అధికారి ఎంత ధైర్యవంతుడో ప్రేక్షకుడికి తెలిసేది అతని వెనుక నిలబడి చెమటలు తుడుచుకునే హెడ్ కానిస్టేబుల్ వల్లనే. ఆ హెడ్ కానిస్టేబుల్ భయం నమ్మదగినదిగా, నవ్వు పుట్టించేదిగా ఉంటే అధికారి ఏమీ అనకపోయినా ధీరుడే అవుతాడు; అది తేలిపోతే అధికారి ఎంత అరిచినా అరుపుగానే మిగులుతుంది. కనుక హెడ్ కానిస్టేబుల్ మాటలు ముందు రాయండి, అధికారి మాటలు అన్నిటికంటే చివర రాయండి.

చెన్నైలోని వడపళని, సాలిగ్రామం, కోడంబాక్కం ప్రాంతాల డబ్బింగ్ థియేటర్లలో పని నేర్చుకుంటున్న తెలుగువారిని ఉద్దేశించి రాస్తున్న విషయమిది. తెలుగు చిత్ర పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయిన తరువాత కూడా తమిళ చిత్రాలకు తెలుగు మాటలు రాసే పని చెన్నైలో నిలిచే ఉంది. డబ్బింగ్ రచనను రెండో తరగతి పనిగా చూసేవారికి ఒక్క సంగతి గుర్తుచేయవచ్చు: తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రంగా చెప్పుకునే 1950 నాటి ‘ఆహుతి’కి మాటలూ పాటలూ రాసినవాడు శ్రీశ్రీ.

రాయడానికి ముందు

నిర్మాణ సంస్థ నుంచి మీకు మూడు వస్తువులు అందాలి. టైమ్‌కోడ్ (ఆ దృశ్యం ఎన్నో నిమిషం, ఎన్నో సెకనులో ఉందో చూపే అంకెలు) తెర మీద కనిపించే చిత్రం ప్రతి, తమిళ సంభాషణల ప్రతి, మాటలు తీసివేసి సంగీతమూ చప్పుళ్లూ మాత్రమే ఉంచిన ట్రాక్. ఈ మూడవది సాధారణంగా సౌండ్ ఇంజనీరుకు చేరుతుంది గాని, మీరూ ఒకసారి వినడం మంచిది. ఎందుకంటే పోరాట దృశ్యాలలో నేపథ్య సంగీతం ఎక్కడ చెవులు చిల్లులు పడేలా లేస్తుందో ముందుగా తెలిస్తే, అక్కడ వినబడని చమత్కారం కోసం మీరు అరపూట వృథా చేయరు.

చిత్రాన్ని మొదటిసారి ఏమీ రాసుకోకుండా, మామూలు ప్రేక్షకుడిలా చూసి, మీకు నవ్వు వచ్చిన చోట టైమ్‌కోడ్ మాత్రం గుర్తించుకోండి. రెండవసారి చూసేటప్పుడు మరే ధ్యాసా పెట్టుకోకుండా, శబ్దం పూర్తిగా తీసివేసి పెదవులను మాత్రమే గమనించండి. తెర మీద పెదవులు కలిసిన చోట తెలుగు మాటలోనూ ప, బ, మ వంటి పెదవులు కలిపే అక్షరం పడాలి, కలవని చోట పడకూడదు. తమిళ సంభాషణల ప్రతిని నమ్ముకుని రాసేవారు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. నటులు చిత్రీకరణ సమయంలో మాట మారుస్తారు, హాస్యనటులైతే ప్రతిసారీ మారుస్తారు. అంతకంటే ముఖ్యంగా, రాతలోని తమిళానికీ నోటిలోని తమిళానికీ పెదవుల దగ్గర తేడా ఉంటుంది. ‘వేణుం’, ‘పోగణుం’, ‘సెయ్యణుం’ అని కాగితం మీద మకారంతో ముగిసే క్రియలు మాట్లాడేటప్పుడు ముక్కుతో పలికే అచ్చుగా మిగిలిపోతాయి, పెదవులు మూసుకోవు. కాగితం చూసి రాసిన రచయిత అక్కడ పెదవులు కలిపే తెలుగు మాట కోసం వెతుకుతూ కూర్చుంటాడు. తెర చూసి రాసినవాడు ‘కావాలి’, ‘వెళ్లాలి’, ‘చెయ్యాలి’ అని హాయిగా రాసుకుని ముందుకు పోతాడు.

ఆ తరువాత చిత్రాన్ని లూపులుగా విడగొట్టుకోండి. ఫిల్ము రోజులలో ఒక సంభాషణ ముక్కను కత్తిరించి, రెండు కొసలూ అతికించి, యంత్రంలో గిరగిరా తిరిగేలా చేసి నటుడికి పదేపదే చూపేవారు. ఆ ఫిల్ము పోయినా లూప్ అనే మాట థియేటర్లలో మిగిలింది. మీ పుస్తకంలో ప్రతి లూపుకూ టైమ్‌కోడ్, పాత్ర పేరు, పాత్ర ముఖం కెమెరా వైపు ఉందా లేదా అన్న గుర్తు తప్పనిసరిగా ఉండాలి. ఈ చివరి గుర్తును చాలామంది వదిలివేస్తారు. హాస్యం రాయవలసి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

హెడ్ కానిస్టేబుల్ నుంచి మొదలుపెట్టండి

ఉదాహరణకు ఒక సన్నివేశాన్ని ఊహించుకుందాం. రౌడీ తన చెల్లెలి పెళ్లి చేస్తున్న కల్యాణ మండపానికి ఇన్‌స్పెక్టర్ ఒక్కడే జీపులో వస్తాడు. వెంట ఉన్నది రేపో మాపో పదవీ విరమణ చేయవలసిన హెడ్ కానిస్టేబుల్ మాత్రమే. ఆయన లోపలికి తొంగిచూసి వచ్చి, “అయ్యా, ఉళ్ళ నాప్పదు పేరు ఇరుక్కాంగ” అంటాడు. ఇన్‌స్పెక్టర్ తాపీగా, “అప్పొ జీప్పు పత్తాదు. వేన కూప్పిడు” అంటాడు. లోపల నలభై మంది ఉన్నారన్న హెచ్చరికను, వారందరినీ ఎక్కించడానికి బండి చాలదన్న సమస్యగా మాత్రమే అతడు తీసుకున్నాడు. ఈ జాతి చిత్రాలలోని హాస్యమంతా ఈ మలుపు మీదనే నడుస్తుంది.

మొదటి వాక్యాన్ని చూడండి. “సార్, లోపల నలభై మంది ఉన్నారు” అని రాస్తే అర్థం సరిపోతుంది గాని, తమిళంలో పెదవులు కలిసేది రెండు చోట్ల, ‘నాప్పదు’ దగ్గర ఒకసారి, ‘పేరు’ దగ్గర ఒకసారి. మన వాక్యంలో ‘లోపల’లోని పకారం అదనంగా వచ్చిపడింది. “అయ్యా, లోన నలభై మంది ఉన్నారు” అంటే ‘నలభై’లో ఒకటి, ‘మంది’లో ఒకటి, రెండే మిగులుతాయి. అవి కూడా దాదాపు అవే స్థానాలలో పడతాయి. చివర ‘ఇరుక్కాంగ’లో నోరు బాగా తెరుచుకునే దీర్ఘం ‘ఉన్నారు’లోని ‘న్నా’ మీద కూర్చుంటుంది. ఒక అక్షరం తక్కువైనా, ‘ఉ’ను కొద్దిగా సాగదీసి పలికితే భయంతో గొంతు తడబడినట్లే ఉంటుంది. తెలుగు పోలీసులు నిజజీవితంలో పై అధికారిని ‘సార్’ అనే పిలుస్తారు గనుక ‘అయ్యా’ కుదరదని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. వయసు మళ్లిన హెడ్ కానిస్టేబుల్ నోట అది చెల్లుతుంది. కుర్ర కానిస్టేబుళ్లకు మాత్రం ‘సార్’ ఉంచండి. ఆ తేడా వల్ల స్టేషన్లో రెండు తరాలు ఉన్నాయని ప్రేక్షకుడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

రెండవ వాక్యాన్ని తిన్నగా అనువదిస్తే “అయితే జీపు చాలదు, వ్యాను పిలువు” అవుతుంది. ‘అప్పొ’ దగ్గర గట్టిగా మూసుకున్న పెదవులకు ‘అయితే’ సమాధానం చెప్పదు. పెదవులు మూసుకునే మాట కోసం వెతికితే ‘అబ్బో’ దొరుకుతుంది. “అబ్బో, జీపులో పట్టరు. వ్యాను రప్పించు.” ఇక్కడ ‘కూప్పిడు’లోని ద్విత్వానికి ‘రప్పించు’ సరిపోయింది. అంతేకాక, ‘అబ్బో’ వల్ల తమిళంలో లేని వెటకారం ఒకటి తెలుగులోకి వచ్చింది. నలభై మంది అనగానే అధికారి ఆశ్చర్యపోయాడేమోనని ప్రేక్షకుడు అరక్షణం అనుకుంటాడు, మరుక్షణం ఆ ఆశ్చర్యం జీపు వైశాల్యం గురించి అని తెలుస్తుంది. పెదవుల నిబంధన రచయితను ఇబ్బంది పెడుతుందనే అందరూ చెబుతారు. మంచి మాట వైపు నెట్టిన సందర్భాలు కూడా ఇలా తరచుగానే తగులుతాయి.

ఇప్పుడు మీ పుస్తకంలోని ఆ మూడవ గుర్తు పనికివస్తుంది. వ్యాను రప్పించమన్న తరువాత హెడ్ కానిస్టేబుల్ వెనుదిరిగి జీపు వైపు నడుస్తాడనుకోండి. తమిళంలో అక్కడ మాట లేదు. ముఖం కనిపించదు గనుక మీరు చేర్చవచ్చు: “వ్యాను వాళ్ళకి సరే అయ్యా, అంబులెన్సు మనకా?” ఇటువంటి చోట్లు రెండున్నర గంటల చిత్రంలో చాలానే ఉంటాయి. అయితే దొరికిన ప్రతి వీపు మీదా ఒక చమత్కారం అతికించవద్దు. అధికారి చెప్పిన మాటకు ప్రేక్షకులు నవ్వే వ్యవధి ఎంత కావాలో అంత నిశ్శబ్దం వదిలి, ఆ తరువాతే చేర్పు మొదలుకావాలి. లేకపోతే రెండు నవ్వులూ ఒకదానినొకటి మింగివేస్తాయి. దర్శకుడి అనుమతి లేకుండా చేర్చడం కూడా మర్యాద కాదు. చాలామంది తమిళ దర్శకులకు తెలుగు బాగానే అర్థమవుతుంది.

డబ్బింగ్ రచయితకు ఉన్న స్వేచ్ఛ ఇంతవరకే. పునర్నిర్మాణం (రీమేక్) చేసేవారికి ఉన్న వెసులుబాటుతో దీన్ని పోల్చి చూస్తే హద్దులు స్పష్టమవుతాయి. 2010లో హిందీలో వచ్చిన ‘దబంగ్’ను ధరణి దర్శకత్వంలో శింబు కథానాయకుడుగా 2011లో తమిళంలో ‘ఒస్తి’గా తీశారు, 2012లో హరీశ్ శంకర్ దర్శకత్వంలో పవన్ కల్యాణ్‌తో తెలుగులో ‘గబ్బర్ సింగ్’గా తీశారు. తమిళంలో ప్రతినాయకుడిగా హిందీ చిత్రంలో నటించిన సోనూ సూద్‌నే తీసుకున్నారు. తెలుగువారు కథను కొండవీడుకు తెచ్చుకుని, పోలీసు స్టేషన్లో రౌడీల చేత అంత్యాక్షరి ఆడించే ఘట్టాన్ని కొత్తగా కల్పించారు, ప్రేక్షకులకు అది బాగా గుర్తుండిపోయింది. మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, అధికారి తొలి ప్రవేశాన్నీ స్టేషన్ దృశ్యాలనూ మాత్రమే చూడండి. ఒకే మనిషిని మూడు భాషల వారు ఏ మాటతో పరిచయం చేశారు, ఎవరి నోట అతన్ని పొగిడించారు, ఎవరిని భయపెట్టించారు అన్నది రాసుకుంటే ఈ పనికి అంతకు మించిన పాఠం ఉండదు. పునర్నిర్మాతకు కొత్త సన్నివేశం రాసే వీలుంది. మీకు ఉన్నది వీపులూ, దూరపు షాట్లూ, తెర బయటి గొంతులే.

అధికారి మాటలు

పక్క పాత్రలన్నీ పూర్తయిన తరువాత అధికారి మాటలకు రండి. అప్పటికి ఆయన గురించి భయపడేవారు, పొగిడేవారు, తిట్టుకునేవారు అందరూ తెలుగులో తయారై ఉంటారు గనుక ఆయన తక్కువ మాట్లాడినా చాలునని మీకే అనిపిస్తుంది.

ఇక్కడ తెలుగు రచయితను లాగే ప్రలోభం ఒకటుంది. మన ప్రేక్షకుడి చెవిలో సినిమా పోలీసు గొంతు అంటే సాయికుమార్ గొంతు. రాజశేఖర్ నటించిన అనేక చిత్రాలకు గాత్రం ఇచ్చి, ఆ తరువాత 1996లో కన్నడ ‘పోలీస్ స్టోరీ’లో తానే అధికారిగా నటించి, ఆయన ఆ గొంతును ఒక కొలతగా నిలబెట్టారు. ఊపిరి తిప్పుకోకుండా సాగే పొడవైన ఉద్వేగ ప్రసంగాలు ఆ గొంతుకు అందం. యాక్షన్ కామెడీలోని అధికారికి ఆ ప్రసంగాలు తొడిగితే చొక్కా వదులవుతుంది. ఈ అధికారి కోపంతో మండేవాడు కాదు. ఎదుటివారి కోపాన్ని చూసి సరదాపడేవాడు. మూడు మాటలతో ముగిసే తమిళ వాక్యాన్ని ‘చట్టం’, ‘న్యాయం’, ‘ఖాకీ’ అన్న మూడు నామవాచకాలతో నింపి గంభీరం చేయాలన్న కోరికను అణచుకోండి. చిత్రం మొత్తంలో ఒక్క చోట, సాధారణంగా విరామానికి ముందు వచ్చే దృశ్యంలో, అతనికి నిజంగా కోపం వస్తుంది. గంభీరమైన తెలుగును ఆ ఒక్క చోటు కోసం దాచిపెట్టుకుంటే అది అక్కడ పిడుగులా పడుతుంది.

వేగం మరొక చిక్కు. వాడుక తమిళం క్రియలను బాగా కుదిస్తుంది, తెలుగు క్రియ సాగుతుంది. ‘వస్తున్నాను’, ‘చూసుకుంటున్నాను’ వంటి రూపాలతో ఆ వేగాన్ని అందుకోలేము కనుక ‘వస్తున్నా’, ‘చూస్కుంటా’ అన్న మాటతీరుకు దిగవలసిందే. అదీ చాలనప్పుడు క్రియనే తీసివేయండి. “నా స్టేషన్, నా జీపు, నా లాఠీ. నీదేంటిక్కడ?” అన్నచోట క్రియ లేని లోటు ఎవరికీ తెలియదు.

సంబోధనల విషయంలో రెండు భాషలూ అక్కచెల్లెళ్లలా సహకరిస్తాయి. ‘డేయ్’కు ‘రేయ్’, ‘అణ్ణే’కు ‘అన్నా’, ‘తంబి’కి ‘తమ్ముడూ’, ‘మచ్చాన్’కు ‘బావా’ పెదవులకు కూడా సరిపోతాయి. ‘మామా’, ‘అక్కా’, ‘అమ్మా’ల సంగతి చెప్పనక్కరలేదు. కష్టం ‘అప్పా’ దగ్గర వస్తుంది. తండ్రి పాత్ర పోలీసు చిత్రాలలో తప్పకుండా ఉంటుంది, కొడుకు ‘అప్పా’ అని దగ్గరి షాట్‌లో పెదవులు నిండుగా కలిపి పిలుస్తాడు, మన ‘నాన్నా’లో పెదవులు అసలు కలవవు. దీనికి ఉపాయం వెతకవద్దు. ‘బాబూ’ అనో ‘బాబాయ్’ అనో మార్చి బంధుత్వాన్ని చెడగొట్టినవారు ఉన్నారు. ‘నాన్నా’ అనే రాయండి. ఆ క్షణంలో ప్రేక్షకుడు చూసేది కళ్లనే.

పోలీసు భాష

అధికారుల హోదాలను ఊహించి రాయవద్దు, భుజాన్ని చూసి రాయండి. ఎరుపు నీలం పట్టీతో మూడు నక్షత్రాలుంటే ఇన్‌స్పెక్టర్, పట్టీ లేకుండా మూడు నక్షత్రాలుంటే డీఎస్పీ, పట్టీతో రెండు నక్షత్రాలుంటే ఎస్సై. చేతి మీద మూడు వి ఆకారపు పట్టీలు హెడ్ కానిస్టేబుల్‌వి. తమిళ చిత్రంలో ‘ఏట్టు’ లేదా ‘ఏట్టయ్యా’ అని పిలిచేది ఈ హెడ్ కానిస్టేబుల్‌నే. దాన్ని పేరనుకుని అలాగే ఉంచిన ప్రతులు నేను చూశాను. తెలుగులో ‘హెడ్డుగారు’ అంటే చాలు. ఇన్‌స్పెక్టర్‌ను జనం చేత ‘సీఐ గారు’ అనిపిస్తే ఆంధ్ర ప్రేక్షకుడికి దగ్గరగా ఉంటుంది. కాని చెన్నై నగర కథ అయితే ఏసీ (అసిస్టెంట్ కమిషనర్), డీసీ (డిప్యూటీ కమిషనర్), కమిషనర్ అనే నగర హోదాలు వస్తాయి గనుక వాటిని మార్చకండి.

చెన్నైలో పుట్టి పెరిగిన రచయితలకు ప్రత్యేకంగా చెప్పవలసినది, రెండు భాషలలోనూ ఒకేలా వినిపిస్తూ అర్థం మారిపోయే మాటల గురించి. పోలీసు కథలో ఇవి అడుగడుగునా ఎదురవుతాయి. తమిళంలో ‘కైదు’ అంటే అరెస్టు. మన ‘ఖైదు’ శిక్ష పడిన తరువాతి సంగతి. తమిళ ‘కుట్రం’ నేరం. తెలుగు ‘కుట్ర’ వేరు. ‘అవసరమా పోగణుం’ అంటే త్వరగా వెళ్లాలని. ‘అవసరంగా వెళ్లాలి’ అని రాస్తే తెలుగులో అది వాక్యమే కాదు. పెదవులు కుదిరాయి కదా అన్న సంతోషంలో వీటిని వదిలివేస్తే, అరెస్టు వారంటు చూపించే దృశ్యంలో అధికారి “నిన్ను ఖైదు చేస్తున్నాను” అని నిలబడతాడు. అదృష్టవశాత్తూ ‘మామూలు’, ‘లంచం’, ‘రౌడీ’, ‘లాఠీ’ రెండు వైపులా ఒకటే. రౌడీలు కోర్టు బయట తగవులు తీర్చే ‘కట్టప్పంచాయత్తు’కు మాత్రం ‘సెటిల్‌మెంట్’ అన్నది మన జనం వాడే మాట.

చట్టం సెక్షన్ల సంఖ్యలు చిన్న విషయంలా కనిపిస్తాయి. 2024 జూలై 1 నుంచి పాత భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది గనుక, ఆ తేదీ తరువాతి నేరం గురించి చెప్పే కథలో హత్యకు 302 అంటే పొరపాటు, 103 అనాలి. కథ అంతకు ముందు కాలానిదైతే 302 సరైనదే. తమిళ మూలంలో ఏది ఉందో చూసి, అది తప్పైతే దర్శకుడికి చెప్పండి. అయితే హాస్యంలో మోసగాడిని ‘ఫోర్ ట్వంటీ’ అని తిట్టే చోట మాత్రం చట్టం మారిందని సరిదిద్దబోకండి. మోసం ఇప్పుడు 318 కిందికి వచ్చినా, ‘త్రీ ఎయిటీన్’ అంటే సినిమా హాల్లో ఒక్కరూ నవ్వరు.

ఊరు, యాస, ఎకసెక్కాలు

తమిళ చిత్రంలోని ఊరిని ఆంధ్రకు తరలించాలా వద్దా అన్నది నిర్మాత నిర్ణయమే అయినా, అడిగితే వద్దనే చెప్పండి. జీపు మీద తమిళంలో ‘కావల్’ అని ఉంటుంది, బండ్ల నంబర్లు తమిళనాడువి, వెనుక కనిపించే గోపురం మదురైదని తెలుగువారికి కూడా తెలుసు. పాత్ర మాత్రం “మన బెజవాడలో” అంటుంటే ప్రేక్షకుడు కథను వదిలి బోర్డులు చదవడం మొదలుపెడతాడు.

యాసల మార్పిడిలో ఒక పాత అలవాటు ఉంది. తిరునెల్వేలి యాస మాట్లాడే మొరటు పాత్ర కనబడగానే దానికి రాయలసీమ యాస తగిలించడం. తిరునెల్వేలి వాడు మొరటువాడని తమిళులు అనుకోవడమూ, సీమవాడు మొరటువాడని మనం అనుకోవడమూ రెండూ సినిమాలు అంటించిన రంగులే. ఒక అపోహను మరొక అపోహతో అనువదించడం రచన అనిపించుకోదు. అధికారికి యాస ఏదీ పెట్టకుండా, చెన్నై తెలుగువారికి చెవినిండా తెలిసిన నెల్లూరు, చిత్తూరు పలుకుబడిని హెడ్ కానిస్టేబుల్‌కో టీ కొట్టు యజమానికో ఇవ్వండి. “యాడికి అయ్యా ఒక్కరే పోతా ఉండారు? ఆడ నలభై మంది ఉండారబ్బా!” అన్న వాక్యంలో భయం, ఆప్యాయత రెండూ ఉన్నాయి. మద్రాసు వాడుక తమిళంలోని ‘నైనా’ మన ‘నాయన’ నుంచి వెళ్లినదే గనుక, ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడి కుర్రాడి పాత్ర ఆ మాట అన్నచోట దాన్ని ఉన్నట్లే ఉంచవచ్చు.

స్థానిక ప్రస్తావనలలో కొన్నిటికి తెలుగులో సిద్ధంగా జోడీలు దొరుకుతాయి. పై అధికారి బెదిరింపుగా ‘తణ్ణియిల్లాద కాట్టుక్కు మాత్తిడువేన్’ అంటే నీళ్లు దొరకని అడవికి బదిలీ చేస్తానని. మన పోలీసులకైతే ఏజెన్సీ బదిలీ అంతటి భయం. పాత తరం అధికారి నోట “శంకరగిరి మాన్యాలు పట్టిస్తాను” అని కూడా పెట్టవచ్చు. టాస్మాక్ (తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణం) అన్నచోట వైన్ షాపు చాలు. తమిళ రాజకీయ నాయకుల మీద విసుర్లను తెలుగు నాయకుల మీదకు మళ్లించడం మాత్రం వద్దు. కేసులు రావచ్చన్న సంగతి అలా ఉంచి, ఆ విసురుకు ముందూ వెనుకా ఉన్న సన్నివేశం దానికి సహకరించదు. అటువంటి చోట ప్రస్తావనను పూర్తిగా వదిలి, అదే పాత్ర స్వభావం నుంచి వేరొక మాట పుట్టించడమే దారి.

థియేటర్లో

రచయిత రికార్డింగ్‌కు వెళ్లకుండా ఇంట్లో కూర్చోవడం ఈ మధ్య ఎక్కువైంది, ముఖ్యంగా ఒకేసారి అన్ని భాషలలో విడుదలయ్యే చిత్రాల తొందరలో. కనీసం హాస్యం ఉన్న లూపుల రోజైనా వెళ్లండి. చెన్నైలో తెలుగు చక్కగా మాట్లాడుతూ తెలుగు లిపి రాని నటులు చాలామంది ఉన్నారు. వారు మీ మాటలను విని తమిళ లిపిలో రాసుకుంటారు. ఆ లిపిలో క, గలకు ఒకే అక్షరం, ప, బలకు ఒకే అక్షరం గనుక, లూప్ మధ్యలో ‘బండి’ ‘పండి’ అయిపోయే ప్రమాదముంది. పందిని తమిళంలో ‘పండ్రి’ అంటారు గనుక ఇన్‌స్పెక్టర్ జీపును గురించి అన్న మాట ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు. కనుక చదివి వినిపించేటప్పుడు ఈ అక్షరాలను నొక్కి పలకండి, నటుడి కాగితంలో వాటి కింద గీత పెట్టించండి.

పోరాట దృశ్యాలలో మీకు పని తక్కువ. మూలుగులు, రొప్పులు డబ్బింగ్ నటులకు వదిలేయండి. గుంపు గొంతుల విషయంలో మాత్రం శ్రద్ధ చూపాలి. “పట్టుకోండ్రా, కొట్టండ్రా” అని నలుగురూ ఒకే మాట అరిస్తే డబ్బింగ్ అని దూరం నుంచే తెలిసిపోతుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న మాట రాసి ఇవ్వండి. ఒకడు పారిపొమ్మంటాడు, ఒకడు అన్నను పిలవమంటాడు, ఒకడు తన చెప్పు పోయిందంటాడు. ప్రధాన సంభాషణ కింద సన్నగా వినిపించే ఈ గొంతులకు పెదవుల నిబంధన దాదాపు ఉండదు, హాస్యానికి ఎంతైనా చోటు ఉంటుంది.

విడుదలకు ముందు

మాటలనూ సంగీతాన్నీ చప్పుళ్లనూ కలిపే మిక్సింగ్‌కు వెళ్లేముందు, రికార్డు చేసిన మాటలను తమిళం రాని తెలుగువారికి వినిపించాలి. చెన్నై తెలుగువారు ఈ పరీక్షకు పనికిరారు. “వాడు వచ్చి చెప్పేసి పోయాడు” అన్నచోట ‘వచ్చి’ అన్నది తమిళ ఊతపదం ‘వందు’ అని వారి చెవి తెలియకుండానే సర్దుకుంటుంది, ఒంగోలు నుంచి వచ్చిన బంధువు మాత్రం “ఎక్కడికి వచ్చాడు?” అని అడుగుతాడు. అలా అడిగిన ప్రతి చోటా మాట మార్చాలి. నవ్వు రావలసిన చోట వారు తెర వంక కాకుండా మీ వంక చూస్తే, మొదటిసారి చూసినప్పుడు రాసుకున్న టైమ్‌కోడ్ తీసి, తమిళంలో నవ్వు ఏ అక్షరం మీద పడిందో, తెలుగులో అర్థం తేలే మాట ఎంత దూరం జరిగిందో కొలవండి. చాలాసార్లు మాట బాగానే ఉంటుంది, అసలు మాట వాక్యం చివర రాకుండా మధ్యలో వచ్చి ఉంటుంది, అంతే.

డబ్బింగ్ చిత్రానికి మూలంతో సంబంధం లేకుండా సెన్సార్ బోర్డు నుంచి విడిగా ధ్రువపత్రం తీసుకోవాలి. 2024 నాటి నియమాలతో పెద్దల మార్గదర్శకత్వంతో పిల్లలు చూడదగిన యూఏ వర్గం 7, 13, 16 ఏళ్ల పైబడినవారిగా మూడు మెట్లయింది, పోలీసు చిత్రాలకు తిట్లు, కులం పేర్లు, కస్టడీలో కొట్టే దృశ్యాలలోని మాటలే సాధారణంగా చిక్కు తెస్తాయి. తమిళంలో శబ్దం తీసివేసిన తిట్టు దగ్గర తెలుగు తిట్టు రాయడం వల్ల ప్రయోజనం లేదు, అదీ పోతుంది. ముఖం స్పష్టంగా కనిపించే షాటైతే పెదవులకు కుదిరే మెత్తని మాట ఒకటి ప్రత్యామ్నాయంగా ముందే రికార్డు చేయించి ఉంచండి. బోర్డుకు ఇచ్చే సంభాషణల ప్రతిలో థియేటర్లో జరిగిన మార్పులన్నీ, వీపుల మీద చేర్చిన మాటలతో సహా, ఎక్కి ఉండాలి. ధ్రువపత్రం వచ్చిన తరువాత చిత్రంలో మార్పు చేస్తే ఆ సంగతి బోర్డుకు మళ్లీ తెలపవలసి వస్తుంది కనుక, చివరి నిమిషంలో తోచే చమత్కారాలకు మిక్సింగ్ రోజునే తలుపు వేయండి.